గిరీశం ధీమా, పార్వతీశం ధైర్యం

గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లల్ని ఇంటర్వ్యూకి తయారుచేసేటప్పుడు ఎవరైనా ముందు చెప్పే మాట ఒక్కటే: "ధైర్యంగా మాట్లాడరా." ఏ ధైర్యం అన్నది మాత్రం విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. ఎదుటివాడికి ఏమీ తెలియదులే అన్న లెక్క మీద నిలబడే ధైర్యం ఒకటుంది. తనకేం వచ్చో, ఏం రాదో తనకు బాగా తెలిసినందువల్ల కలిగే ధైర్యం ఇంకొకటుంది. గదిలోకి అడుగుపెట్టిన మొదటి రెండు నిమిషాలూ ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో పడేసరికి దేని దారి దానిదే.

ఈ రెండింటికీ తెలుగు సాహిత్యంలో నిలువెత్తు మనుషులున్నారు. మొదటివాడు గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లో గిరీశం. రెండోవాడు మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'లో పార్వతీశం. ఇద్దర్నీ నవ్వుకోడానికే చదువుకున్నాం. ఇద్దరూ వయసులో ఉన్నవాళ్ళే. చేతిలో ఉద్యోగం లేదు, చదువు అరకొర. సొంత చోటు వదిలి, కొత్తవాళ్ళ ముందు నిలబడి, వాళ్ళ చేత ఔననిపించుకోవాల్సిన అవసరం ఇద్దరికీ ఉంది. ఉద్యోగం కోసం బయల్దేరే కుర్రాడి పరిస్థితీ సరిగ్గా అదే. ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి, అభ్యర్థులుగా పరీక్షించి చూద్దాం. మన పిల్లలకు మనం ఎవరి పాఠం చెబుతున్నామో అప్పుడు తేలుతుంది.

'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నది గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పు. 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1920లలో వచ్చింది. గిరీశం ఉత్తరాంధ్ర పట్నం మనిషి. పార్వతీశం మన డెల్టావాడు, మొగల్తూరు నుంచి బయల్దేరినవాడు.

గిరీశం నుంచి మొదలుపెడదాం, అతని ఇంటర్వ్యూ మన కళ్ళముందే జరుగుతుంది గనక. విజయనగరంలో అప్పులు మెడకు చుట్టుకుని, ఊళ్ళో ఉండడానికి వీల్లేని స్థితి వచ్చాక, శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అక్కడ అతనికి కావాల్సింది సెలవులు గడిచేదాకా తిండీ నీడా, ట్యూటరు అనే హోదా. వెంకటేశం తండ్రి, ఆ ఇంటి యజమాని అగ్నిహోత్రావధానులు ముక్కోపి. కొడుకు చదువుకి పోస్తున్న డబ్బు తల్చుకుంటేనే మండిపడే మనిషి. అయినా గిరీశం ఆ ఇంట్లో పాతుకుపోతాడు. ఎలాగన్నది ఇంటర్వ్యూకి వెళ్ళే ప్రతివాడూ శ్రద్ధగా చూడాలి. ఆ ఇంటి సంగతులన్నీ వెంకటేశం నోట ముందే రాబట్టాడు. అవధాన్లకు దావాలంటే ఎంత మోజో, ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకునే గడప తొక్కాడు. ఆ దావాల వ్యవహారంలో అక్కరకొచ్చేవాడిగా కనిపించాడు. ఈ ఒక్క విషయంలో గిరీశాన్ని మించిన గురువు లేడు. ఉద్యోగమిచ్చే సంస్థ ఏం చేస్తుందో, దానికి ఏ ఇబ్బంది ఉందో, తనవల్ల ఆ ఇబ్బంది ఎంత తీరుతుందో ముందుగా తెలుసుకోవడం ప్రిపరేషన్‌లో సగం. మన పిల్లల్లో చాలామంది కంపెనీ పేరు సరిగ్గా పలకడం కూడా బస్సులోనే నేర్చుకుంటున్నారు.

గిరీశం దగ్గర నేర్చుకోదగ్గది అక్కడితో సరి. ఆ తర్వాత వచ్చే ఘట్టం తెలుగువాళ్ళ ఇంటర్వ్యూ చదువుకి అద్దం పట్టినట్టుంటుంది. రెండో అంకంలో అవధాన్ల భార్య వెంకమ్మ, చదువుకొచ్చిన కొడుకు ఇంగ్లీషు మాట్లాడుతుంటే వినాలని ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ సంభాషణ మొదలుపెడతారు. ఒకడు చంటిపిల్లల పద్యం అందుకుంటాడు, ఇంకొకడు రీడరులో వాక్యం వల్లిస్తాడు. ఒకడు గొప్ప కావ్యంలో పాదాన్ని అటూ ఇటూ మార్చి విసురుతాడు, ఇంకొకడు రేఖాగణితం సూత్రమూ వ్యాకరణ సూత్రమూ అప్పజెబుతాడు. ఒక మాటకూ ఇంకో మాటకూ పొత్తు లేదు. వెంకమ్మకు మాత్రం కడుపు నిండిపోతుంది. అర్థం ఏమిటని అడిగితే, సెలవుల్లో ఏమేం చెయ్యాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం తడుముకోకుండా జవాబిస్తాడు.

సరిగ్గా అప్పుడే, ఆ గదిలోనే రెండో పరీక్షకుడున్నాడు. వెంకమ్మ తమ్ముడు కరటకశాస్త్రి. నాటకాల మనిషి, లోకం చూసినవాడు. అతను అడిగేది తెలుగు పద్యం. వెంకటేశం పద్యం చదువుతాడు. అక్కడితో ఆగకుండా పద్యంలో ఒక మాటకు అర్థం చెప్పమంటాడు కరటకశాస్త్రి. కుర్రాడు నీళ్ళు నములుతాడు. బళ్ళో అర్థాలు చెప్పరంటూ గిరీశం అడ్డుపడి కాస్తాడు. మేనమామకు మాత్రం చదువు లోతు ఎంతో తెలిసిపోయింది. ఒకే అభ్యర్థి, ఒకే గది, ఇద్దరు పరీక్షకులు. వెంకమ్మ చెవికి ఇంపుగా ఉందా అని చూసింది. కరటకశాస్త్రి మాట వెనక ఏముందని చూశాడు. వాడుక తెలుగులో, కుర్రాడికి బాగా పరిచయమైన భాషలో, చిన్న ప్రశ్న అడిగాడు. నిజం బయటికి రావడానికి అదొక్కటే చాలింది.

ఇప్పుడు మన ఊళ్ళోకి వద్దాం. స్పోకెన్ ఇంగ్లీష్ తరగతుల్లో, కాలేజీ మాక్ ఇంటర్వ్యూల్లో మనం ఎక్కువగా నేర్పేది వెంకమ్మను ఒప్పించే విద్యే. "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు ఊరంతటికీ ఒకే జవాబు. హార్డ్ వర్కింగ్, పాజిటివ్ యాటిట్యూడ్, టీమ్ ప్లేయర్. బలహీనత ఏమిటంటే, పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదు అనాలని ఎవరో చెప్పారు, అందరూ అదే చెబుతున్నారు. గోదావరి పిల్లల నోట సహజంగా వచ్చే "ఆయ్" అన్న మాటను ముందు నాలుక మీంచి తుడిచేస్తారు. దాని స్థానంలో "యా, షూర్" పెడతారు. కుర్రాడు మొత్తం అప్పజెప్పేస్తాడు. అడిగే వైపు వెంకమ్మ కూచుని ఉంటే పని జరిగిపోతుంది. కరటకశాస్త్రి కూచుని ఉంటే, "టీమ్ ప్లేయర్ అన్నారు కదా, ఎప్పుడు, ఏ పనిలో?" అన్న ప్రశ్నతో కట్టిన గోడ మొత్తం కూలిపోతుంది. ఆ నిమిషంలో పిల్లవాడి మొహం చూసినవాళ్ళకు తెలుస్తుంది, వాడికి జరిగిన అన్యాయం ఏమిటో. వాడి దగ్గర జవాబు లేక కాదు. వాడి జవాబును మనమే బయట చెప్పులతోపాటు విడిచి రమ్మన్నాం.

గిరీశం కథ ఎక్కడ ముగుస్తుందో కూడా చూడాలి. విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు, సంఘ సంస్కరణను నమ్మిన వకీలు, గిరీశాన్ని ఆదర్శవంతుడైన యువకుడిగా నమ్ముతాడు. అతని అభిరుచులేమిటో కనిపెట్టి, ఆ అభిరుచులకు తగ్గట్టు తనను తాను మలచుకోవడంలో గిరీశం ఎప్పట్లాగే నెగ్గాడు. వేశ్యావృత్తికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు దంచినవాడు వేశ్య మధురవాణి ఇంట్లో మసిలినవాడేనన్న సంగతి బయటపడ్డాక మాత్రం ఆ నమ్మకం నిలబడలేదు. గిరీశం పెళ్ళాడదామని లేవదీసుకొచ్చిన అవధాన్ల వితంతు కూతురు బుచ్చమ్మను పూనా పంపిస్తాననీ, అతన్ని ముందు చదువు పూర్తిచెయ్యమనీ సౌజన్యారావు తీర్పు చెబుతాడు. ఇది శిక్షలా కనిపిస్తుంది గానీ, ఇంటర్వ్యూ బోర్డులు చెప్పే మాటే ఇది. సిద్ధమై రమ్మని. నాటకమంతా అందరినీ దాటుకుంటూ వచ్చినవాడు చివరికి ఆగిపోయింది ఇంగ్లీషు రాకనో, మాట తడబడో కాదు. ముందు చెప్పినదీ తర్వాత తేలినదీ ఒకదానితో ఒకటి పొసగక ఆగిపోయాడు.

పార్వతీశం సంగతి దీనికి పూర్తిగా వేరు. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు కావాలనుకున్నాడు, సీమకు బయల్దేరాడు. మద్రాసు తెలీదు, రైలు మర్యాద తెలీదు, ఓడ తెలీదు, దొరల బట్టలు తెలీవు. టోపీ కొనుక్కోవాలని కొట్టుకెళ్ళి, అందంగా ఉందని ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న ఘట్టం తెలుగు చదివినవాళ్ళందరికీ గుర్తే. వెళ్ళిన ప్రతిచోటా నవ్వులపాలయ్యాడు. తప్పు జరిగాక ప్రతిచోటా ఎవరినో ఒకర్ని అడిగి ముందుకెళ్ళాడు. చివరికి ఎడింబరోలో చదివి, బారిస్టరై తిరిగొచ్చాడు. గిరీశం ప్రతి గదినీ గెలిచి దారి పోగొట్టుకున్నాడు. పార్వతీశం ప్రతి గదిలోనూ ఓడి దారి పూర్తిచేశాడు.

ఇంత తేడా పాత్రల స్వభావంలోనే ఉందని సరిపెట్టుకుంటే విమర్శ సగంలో ఆగిపోతుంది. రచనా ప్రక్రియలో కూడా తేడా ఉంది, ఇంటర్వ్యూకి సంబంధించి అసలు కీలకం అక్కడే ఉందని నా నమ్మకం. 'కన్యాశుల్కం' నాటకం. అందులో రచయిత వచ్చి గిరీశం ఇలాంటివాడని చెప్పడు. అతని మాటలు విని, అతని పనులు చూసి మనమే తేల్చుకోవాలి. ఇంటర్వ్యూ బోర్డు స్థానం కూడా అదే. లోపల ఏముందో వాళ్ళకు కనిపించదు, వినిపించినదే లెక్క. 'బారిస్టర్ పార్వతీశం' ఉత్తమ పురుషలో సాగిన నవల. పార్వతీశమే తన కథ తను చెబుతాడు. తన తెలివితక్కువ పనులు కూడా దాచకుండా చెబుతాడు. అందుకే టోపీ చూసి నవ్వుతూనే అతన్ని నమ్ముతాం. అదే మనిషిని నాటకంలో పెట్టి, బయటినుంచి మాత్రమే చూపించారనుకోండి, ఆడవాళ్ళ టోపీ పెట్టుకున్న పల్లెటూరి మొద్దుగా మిగిలిపోయేవాడు. లోపలి కథ వినిపించింది గనక బతికాడు.

మన రామచంద్రపురం పిల్లల చిక్కంతా ఇదే. లోపల పార్వతీశాలు, కూచోబెట్టేది నాటకంలో. వాళ్ళ లోపలి కథ బోర్డుకు వినపడాలంటే, తమ కథ తామే చెప్పుకోవడం నేర్చుకోవాలి. ఉత్తమ పురుషలో, జరిగింది జరిగినట్టు, నదురుబెదురు లేకుండా. ఇంటర్వ్యూకి ప్రిపరేషన్ అంటే నేను చెప్పేది ముందుగా ఇది. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒక ఉదాహరణ చెబుతాను. మాక్ ఇంటర్వ్యూలో ఒక బీకాం కుర్రాడు, ద్రాక్షారామం వైపు పల్లెటూరివాడు, గట్టిగా ఊపిరి తీసుకుని కంఠస్థం చేసిన ఇంగ్లీషు అప్పజెప్పాడు. రెండో ప్రశ్నకు ఆగిపోయాడు. "మీ నాన్నగారేం చేస్తారు బాబూ?" అని తెలుగులో అడిగితే, "రైస్ మిల్లులో గుమాస్తా అండి" అన్నాడు తల దించుకుని. "సెలవుల్లో నువ్వూ వెళ్తావా?" "ఆయ్, కోతలప్పుడు వెళ్తానండి." "ధాన్యం లోడు వస్తే మొట్టమొదట ఏం చేస్తారు?" ఇక ఆ కుర్రాడి గొంతే మారిపోయింది. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి గింజ తీయడం, పైబస్తా ఒక్కటే చూస్తే మోసపోతామని అడుగు బస్తాల్లోనూ చూడటం, తేమ కొలిచే మిషన్ పెట్టకముందే గింజ పంటికింద వేసి కొరికి ఎండిందో లేదో చెప్పడం, మిషన్‌లో తేమ 17 శాతం దాటితే సర్కారు కొనుగోలు లెక్కకు పనికిరాదనడం, క్వింటా ధాన్యానికి పచ్చిబియ్యమైతే 67 కిలోలు తిరిగి అప్పజెప్పాల్సిన మిల్లు లెక్క, అన్నీ వరసగా చెప్పుకుపోయాడు. "రైతు ఒప్పుకోకపోతే?" అంటే, "నాన్న ఆయన ఎదురుగుండానే ఇంకో బస్తాలోంచి తీసి మళ్ళీ పెడతారండి. అంకె ఆయన్నే చదవమంటారు. అరిస్తే గొడవవుద్దండి, చూపిస్తే అవ్వదు" అన్నాడు.

అతను వెళ్ళాలనుకుంటున్నది రైతులకు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ సంస్థలో ఫీల్డ్ ఉద్యోగానికి. ఆ ఉద్యోగానికి కావాల్సిన మాట ఆ చివరి రెండు ముక్కల్లో ఉంది. సరుకు తెలుసు, లెక్క తెలుసు, కోపంగా ఉన్న మనిషితో ఎలా మెలగాలో తెలుసు. అదంతా అతని బయోడేటాలో ఒక్క ముక్క లేదు. తండ్రి ఉద్యోగం చెప్పుకోడానికి సిగ్గుపడేలా చేసి, టీమ్ ప్లేయర్ అనే మాట మాత్రం ఇచ్చి పంపించారు. ఆ జవాబునే అతని చేత తెలుగులో కాగితం మీద రాయించాలి. తర్వాత అదే జవాబును అతనికొచ్చిన ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పించాలి. ఇంగ్లీషు తప్పులు అక్కడక్కడా ఉంటాయి. ఉన్నా ఆ మాటలు అతనివి, ఎన్ని ఎదురుప్రశ్నలేసినా ఆగిపోడు.

ఈ చోటి ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. డెల్టాలో మిల్లుల్లోనూ, దుకాణాల్లోనూ, రొయ్యల చెరువుల దగ్గరా ఉద్యోగం తెలిసినవాళ్ళ మాట మీదే దొరుకుతూ వచ్చింది. "ఎవరి తాలూకా? ఎవరబ్బాయివి?" అన్న రెండు ప్రశ్నలతో ఇంటర్వ్యూ అయిపోయేది. అక్కడ కుర్రాడి తరఫున ఊరు మాట్లాడేది. హైదరాబాదు ఆఫీసులో తన తరఫున తనే మాట్లాడుకోవాలి. తల్లిదండ్రులెవరూ అలాంటి గదిలో ఎప్పుడూ కూచోలేదు గనక ఇంట్లో నేర్పేవాళ్ళు లేరు. పిల్లలకు వచ్చే బెరుకు చేతగానితనం వల్ల వచ్చింది కాదు. అలవాటు లేని పని కాబట్టి వచ్చింది. అలవాటు చేయిస్తే పోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో డిగ్రీ కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు పెట్టినా, తర్వాత రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు నడిపినా, ఈ అవసరం గుర్తించే. 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియంలోకి మారింది. మీడియం మారినంత మాత్రాన తన గురించి తను మాట్లాడుకోవడం వచ్చెయ్యదు.

ఇంటర్వ్యూ లేకుండా వచ్చే ఉద్యోగాలు చూసుకుందామనే పిల్లలూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గ్రూప్-డి పోస్టులకూ, గ్రూప్-బిలో నాన్ గెజిటెడ్ పోస్టులకూ ఇంటర్వ్యూలు ఎత్తేసింది. 2019లో మన గ్రామ, వార్డు సచివాలయాల నియామకాలు రాతపరీక్షతోనే జరిగాయి. ఇది మంచిదే. పలుకుబడి మాటున జరిగే అన్యాయాలు తగ్గుతాయి. ఐబీపీఎస్ నడిపే బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ ఎంపికలో మాత్రం మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 పాళ్ళున్నాయి. సివిల్ సర్వీసెస్‌లో 2025 మార్కులకుగాను 275 ఇంటర్వ్యూవే. ప్రైవేటు ఉద్యోగాల్లో ఇంటర్వ్యూయే సర్వస్వం. తప్పించుకు తిరిగే దారి ఎంతోదూరం పోదు.

సివిల్స్ ఇంటర్వ్యూ గురించి యూపీఎస్సీ తన ప్రకటనలోనే స్పష్టం చేస్తుంది, ఇది కోర్టులో చేసే క్రాస్ ఎగ్జామినేషన్ లాంటిది కాదనీ, ఒక ఉద్దేశంతో సాగే సహజమైన సంభాషణ అనీ. అంటే దేశంలో అన్నిటికంటే పెద్ద ఇంటర్వ్యూ కూడా తను కరటకశాస్త్రి పక్షమేనని చెప్పుకుంటోంది. ఆ మాటకు మన తెలుగునాటే నిలబడ్డ సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతం పారసంబకు చెందిన రోణంకి గోపాలకృష్ణ, సర్కారు బడి పంతులు, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. పరీక్ష తెలుగులోనే రాశారు, ఆప్షనల్ తెలుగు సాహిత్యం, ఇంటర్వ్యూ కూడా అనువాదకుడి సాయంతో తెలుగులోనే ఇచ్చారు. ఢిల్లీలో బోర్డు ముందు కూచుని తనకొచ్చిన భాషలో ఆలోచించి, తనకొచ్చిన భాషలో చెప్పగలగడం పార్వతీశం జాతి ధైర్యం. పైగా దాని వెనక ఏళ్ళ తరబడి చదువుంది. అందరూ తెలుగులోనే ఇవ్వాలని నేను అనను. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ వెసులుబాటు ఇవ్వదు. ఆలోచన మాత్రం సొంత భాషలో కుదిరాకే ఇంకో భాషలోకి వెళ్ళాలి.

"తెలీదండి" అన్న మాట దగ్గర ఇద్దరు అభ్యర్థుల తేడా అన్నిచోట్లకన్నా స్పష్టంగా కనబడుతుంది. గిరీశం నాటకమంతటిలో తనకు తెలియదని ఒప్పుకునే రకం కాదు. పార్వతీశం ప్రయాణమంతా ఆ మాట మీదే నడిచింది. మన కోచింగుల్లో "తెలీదు" అనకూడదని చెబుతారు. అనాలి. అనడంలో పద్ధతుంది. ఆ సంగతి తెలియదని చెప్పాలి, దానికి దగ్గరగా తెలిసింది ఏదైనా ఉంటే చెప్పాలి, ఎక్కడ తెలుసుకుంటారో చెప్పాలి. జీఎస్టీ రిటర్న్ వేశావా అంటే, "సొంతంగా వెయ్యలేదండి. మా వీధిలో ఆడిటరు గారి దగ్గర బిల్లులు వరస పెట్టడం చేశాను, రిటర్న్ ఆయన వేస్తుంటే చూశాను" అన్న జవాబులో అబద్ధం లేదు, చేతులెత్తేయడమూ లేదు. అలా అన్న పిల్లని ఏ బోర్డయినా ఇంకో ప్రశ్న అడుగుతుంది. ఇంకో ప్రశ్న పడిందంటే ఆశ ఉన్నట్టే.

ఇంత చెప్పాక పార్వతీశాన్ని కూడా నిలదీయకపోతే న్యాయం కాదు. అమాయకత్వాన్ని నెత్తిన పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ టోపీ కొనేముందు అతను ఒక్క మాట ఎవరినైనా అడిగుంటే ఆ అవమానం తప్పేది. ఎక్కడికెళ్తున్నాడో, అక్కడి మర్యాదలేమిటో కనుక్కునే అవకాశం అతనికి కొంతైనా ఉంది, వాడుకోలేదు. నవలలో అది హాస్యం. రాత్రంతా బస్సులో కూచుని హైదరాబాదులో దిగి, స్టాండులోనే మొహం కడుక్కుని, నలిగిన చొక్కాతో, ఆఫీసు ఏ మెట్రో స్టేషన్ దగ్గరో తెలియక వెతుక్కుంటూ పావుగంట ఆలస్యంగా చేరిన పిల్లాడికి అది హాస్యం కాదు. అప్పు చేసి ఇచ్చిన టిక్కెట్టు డబ్బులు పోయాయి. వాడి మనసులో మిగిలేది 'నా మొహానికి ఉద్యోగం రాదు' అన్న అబద్ధపు నమ్మకం. నిజానికి పోయింది ప్రతిభ వల్ల కాదు, ముందురోజే వెళ్ళనందుకు.

అందుకని గిరీశం దగ్గర ముందుచూపు, పార్వతీశం దగ్గర నిజాయితీ తీసుకోవాలి. రెండూ కలిపినప్పుడే ప్రిపరేషన్ అవుతుంది. కాకినాడ వెళ్ళి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కినా, ఇక్కడే బస్సెక్కినా, ఇంటర్వ్యూకి ముందురోజే ఆ ఊళ్ళో ఉండాలి. సాయంత్రం ఒకసారి ఆఫీసు గేటు దాకా వెళ్ళి చూసి రావాలి. మన ఊరి పిల్లలు హైదరాబాదులో లేని పేట లేదు, ఒక రాత్రి పడుకోనివ్వమని సీనియర్లను అడగడానికి మొహమాటపడక్కర్లేదు. సర్టిఫికెట్లు వరసలో పెట్టుకోవాలి. బయోడేటాలో ఉన్న ప్రతి వాక్యానికీ తన జీవితంలోంచి జరిగిన సంగతి ఒకటి సిద్ధంగా ఉండాలి, లేని వాక్యాన్ని కొట్టేయాలి. స్నేహితుల్లో మొహమాటం లేనివాణ్ణి ఒకణ్ణి కరటకశాస్త్రిగా కూచోబెట్టుకుని, ప్రతి జవాబుకూ "అంటే ఏంటి? ఎప్పుడు? నువ్వేం చేశావు?" అని అడిగించుకోవాలి. జీతం ఎంత కావాలని అడిగితే ఏమనాలో కూడా ముందే అనుకోవాలి. అద్దె, తిండి, రాకపోకలకు ఆ ఊళ్ళో నెలకెంతవుతుందో లెక్కేసుకున్నవాడు గొంతు తడబడకుండా చెప్పగలడు.

ఇద్దర్లో ఒకరినే తీసుకోమంటే నా ఓటు పార్వతీశానికే. అతను చేసిన తప్పులన్నీ అడిగి తెలుసుకుంటే పోయేవి. గిరీశం లోటు అలాంటిది కాదు. అతను నేర్చుకోవడానికి ఎవర్నీ అడగడు, ఎదుటివాడి నమ్మకాన్ని తన పెట్టుబడి అనుకుంటాడు. అలాంటివాడికి ఎంత శిక్షణ ఇస్తే అంత నేర్పుగా మోసం చేస్తాడు. మన కాలేజీలు ఏటా వందలాది పార్వతీశాల్ని చేర్చుకుని, మూడేళ్ళు కష్టపడి, అరకొర గిరీశాలుగా మార్చి బయటికి పంపడం నాకు బాధగా ఉంది.

చివరి మాట పిల్లలతో కాదు. బల్లకు అవతలి వైపు కూచునేవాళ్ళతో. జాబ్ మేళాలకు వచ్చే హెచ్‌ఆర్ ఆఫీసర్లలో, బ్యాంకు బోర్డుల్లో, కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్‌లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి ఊళ్ళలోంచి వెళ్ళినవాళ్ళే. అయ్యా, అమ్మా, మీ ముందు రామచంద్రపురం నుంచో, మండపేట నుంచో, కోటిపల్లి నుంచో వచ్చిన పిల్లో పిల్లాడో కూచున్నప్పుడు, మొదటి ప్రశ్న తెలుగులో అడగండి. వాళ్ళ ఇంటి పని గురించి, ఊరి పని గురించి రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి. ఆ తర్వాత ఇంగ్లీషులో మీకు కావాల్సినంత గట్టిగా పరీక్షించుకోండి.